కింది వాటాకు వచ్చిన బేరం

కుళాయిల పెద్దాయన చేతిలో అప్పటికి ఉన్నవి ఇవి: రెండంతస్తుల సొంత ఇల్లు, పద్దెనిమిది మెట్లు, ఆ మెట్లు దిగలేని భార్య, గేటుకు ‘కింది వాటా అద్దెకు ఇవ్వబడును’ అన్న బోర్డు.

నలభై ఏళ్లు కుళాయిలు, బాత్‌రూమ్ సామాను అమ్మిన మనిషి. ఊళ్లో సగం బాత్‌రూముల్లో పట్టుకు లేవడానికి గోడకు బిగించిన కడ్డీలు ఆయన షాపువే. సొంత ఇంట్లో మాత్రం ఒక్కటీ లేదు.

భార్యకు మోకాళ్లు అరిగాయి. ఏడు నెలలుగా వీధి మొహం చూడలేదు.

“కిందికి మారిపోదామండీ” అనేది.

“కింది వాటాను ఎవరైనా ఎగరేసుకుపోతారు. పై వాటా ఎవడిక్కావాలి?” అనేవాడు.

మంచి సరుకు గిరాకీకి, మిగిలింది ఇంటికి. అది ఆయన లెక్క.

చివరికి కూతురు ఫోన్లో తేల్చేసింది.

“నెలాఖరుకి వచ్చి అమ్మని తీసుకెళ్లిపోతా. మాకు లిఫ్టుంది. నువ్వు నీ ఇంటికి కాపలా ఉండు నాన్నా.”

“తీసుకెళ్లు, నాకేం!” అన్నాడు. ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాడే ఇల్లు అద్దెకు కావాలంటూ ఒకావిడ వచ్చింది.

డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి. నిచ్చెనంత పొడుగు, కాళ్లకు బూట్లు, చేతిలో కొలత టేపు.

“ఇల్లు చూడొచ్చా అన్నయ్యగారూ?”

ముందు మంచినీళ్లు కావాలంటూ చకచకా పైకెక్కింది. ఇంటావిడతో కాసేపు కబుర్లాడి, అప్పుడు కింది వాటాకు దిగింది. బూట్లు విప్పి, బాత్‌రూములో తడి గచ్చు మీద కాలు రాసి చూసింది.

“జారుతోంది. గరుకు టైల్స్ వేయించండి.”

“అలాగేనమ్మా.”

“ఇక్కడో కడ్డీ. కమోడ్ పక్కన ఇంకోటి.”

“ఎంత ఎత్తులో?”

చూపించింది. పెద్దాయన ఆమెను కింది నుంచి పై దాకా చూశాడు.

“నీ పొడుగుకి మరీ కిందికైపోతుంది కదమ్మా?”

“పట్టుకునేది మీరా, నేనా?”

ఆమె చూపించిన ఎత్తులోనే గోడ మీద గీత గీశాడు. గిరాకీతో వాదించి బాగుపడ్డవాణ్ని ఆయన చూడలేదు.

రెండోసారి వచ్చి గడపలు తీయించమంది. తలుపు వెడల్పు చేయించమంది.

“ఏనుగునేమన్నా పెంచుతావా తల్లీ?”

“చక్రాల కుర్చీ పట్టాలి.”

“గుర్రంలా నడుస్తున్నావు, నీకెందుకు?”

“ఇవాళ నడుస్తున్నాం. ఇల్లు ఇవాళ్టికేనా?”

మూడోసారి, మంచం మీంచి చెయ్యి చాపితే అందేలా లైటు స్విచ్చి పెట్టించింది.

“ఉంటావా మరి, నాలుగు నెలలకే ఖాళీ చేస్తావా?”

“ఈ ఇంట్లో దిగినవాళ్లు ఏళ్ల తరబడి కదలరు, చూడండి.”

ఆ మాటకు ఆయన పొంగిపోయాడు. మేస్త్రీని తొందర పెట్టాడు.

సుత్తి చప్పుడు వింటూ పైనుంచి భార్య అంది. “నేనడిగితే ఒక్క మేకు కొట్టలేదు. దారిన పోయేవిడ అడిగితే గోడలే పగలగొట్టిస్తున్నారు!”

“ఆవిడ గిరాకీ. నువ్వు పెళ్లానివి.”

దిగుతానన్న రోజు రానే వచ్చింది. ఆమె మాత్రం రాలేదు. వారం చూశాడు. జాడ లేదు.

పెద్దాయన వీధంతా తిరిగి చాటాడు. “పొడుగాటి మనిషి, చేతిలో టేపు. గేటు తీశారో, నిండా ముంచుతుంది!”

ఇంటికొచ్చి కూలబడ్డాడు.

“పోన్లెండి, ఎలాగూ చేయించారు. ఊరెళ్లే ముందు నన్నొకసారి చూడనివ్వండి” అంది భార్య.

ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి ఆయన భుజం మీద. నాలుగు చోట్ల ఆగి, పద్దెనిమిది మెట్లు దిగింది. తిన్నగా బాత్‌రూములోకి వెళ్లి గడియ వేసుకుంది.

“ఏయ్, గడియ తియ్యి! పడతావే!”

లోపల నీళ్ల చప్పుడు. తర్వాత నవ్వు. ఆ తర్వాత, ఆయన ఎప్పుడో మరిచిపోయిన ఓ కూనిరాగం.

తనంత తానే బయటికొచ్చింది. మొహం వెలిగిపోతోంది.

“కడ్డీ సరిగ్గా నా చేతి ఎత్తుకే ఉందండీ!”

అట్నుంచటే గేటు దాకా నడిచి, కూరల బండివాణ్ని ఆపి, వంకాయల దగ్గర తగువు పెట్టుకుంది. పెద్దాయన ఆమె వెనకే నిలబడి, గేటుకున్న బోర్డు విప్పేశాడు.

సాయంత్రానికి మంచాలు కిందికి దిగాయి. పై వాటాను ఓ కుర్ర జంట గాలి బాగుందంటూ నాలుగు రోజుల్లో ఎగరేసుకుపోయింది.

నెలాఖరుకు ఖాళీ పెట్టెతో వచ్చిన కూతురికి గేటు తీసింది అమ్మే. కూతురు రెండు రోజులుండి, అమ్మ చేతి వంట తిని, పెట్టె నిండా పచ్చళ్లతో వెళ్లిపోయింది.

తర్వాత ఓ ఉదయం దంపతులిద్దరూ పక్క వీధి ఆసుపత్రికి నడిచే వెళ్లారు. ఎముకల డాక్టరు ఆవిడ నడక చూసి ముచ్చటపడ్డాడు. ఇంట్లో ఏం మార్పులు చేశారని అడిగాడు. పెద్దాయన టేపు మనిషిని తిట్టుకుంటూనే కథంతా చెప్పాడు.

డాక్టరు పడీపడీ నవ్వాడు. ఆమె ఎవరో చెప్పాడు.

పెద్దాయన నాలుక్కరుచుకున్నాడు. తిరుగుదారిలో ఇంటికి పోలేదు, నేరుగా ఎదురింటి టైలరు గేటు తట్టాడు.

“ఆ పొడుగాటావిడ వస్తే గేటు తియ్యవయ్యా.”

“మొన్ననే వచ్చింది, తరిమేశాను. ముంచుతుందని చెప్పింది నువ్వేగా!”

“బుద్ధి గడ్డి తిని చెప్పాను. మెట్లు దిగలేక పైగదిలో మీ అమ్మ ఉంది కదా. పోయి పిలుచుకురా.”

“ఇల్లు తీసుకోకుండా ఎగ్గొట్టే మనిషిని పిలుచుకురావాలా?”

“ముప్పై ఏళ్లు ఎముకల వార్డులో నర్సుగా చేసిందయ్యా ఆవిడ, సొంత ఇల్లుంది, అద్దెకంటూ చూసి వదిలేసిన పదకొండు ఇళ్లలోనూ కింద హాయిగా ఉంటున్నది ఆ ఇంటి ముసలాళ్లే, మాతో కలిపి పన్నెండు.”