మిగిలిన నలభై

బుధవారం పొద్దున ఆమె పంపిన మెయిల్ రెండు నిమిషాల్లో తిరిగొచ్చేసింది.

పదకొండేళ్ళలో అలా జరగడం అదే మొదటిసారి.

ఆమెది పుస్తకాలు బైండింగ్ చేసే కొట్టు. చేతికి ఎప్పుడూ జిగురు, వేలి మీద దారం కోసిన గాటు. ప్రతి బుధవారం పని మొదలెట్టే ముందు చెల్లెలికి నాలుగు ముక్కలు రాయడం అలవాటు.

నాన్న పోయిన నెలకే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "గడప దాటితే మళ్ళీ రాకు" అని అక్క నోరు జారింది.

చెల్లెలు దాటింది. మళ్ళీ రాలేదు.

తర్వాత కొట్టు మారింది, ఫోన్ నంబరు మారింది, బోర్డు మీద నాన్న పేరూ పోయింది. మిగిలిందల్లా చెల్లెలి పాత మెయిల్ అడ్రసు.

జవాబు ఏనాడూ రాలేదు. కానీ పంపింది తిరిగి రాలేదు కూడా. అంటే ఎక్కడో చేరుతోందన్నమాట. ఆ ఒక్క ధైర్యంతోనే ఆమె ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చింది.

ఇప్పుడు అదీ పోయింది.

తన వెబ్‌సైటూ, దాని పేరు మీదున్న మెయిలూ నడిపే కంపెనీకి ఫోన్ చేసింది. హెల్ప్‌డెస్కు అమ్మాయి ఓపిగ్గానే చెప్పింది.

"మీ సైటూ ఇంకో మూడొందల సైట్లూ ఒకే సర్వర్ మీద ఉన్నాయి మేడమ్. ఒకే గేటున్న వాటాల ఇల్లనుకోండి. ఒక వాటాలో ఆయన కుప్పలుగా మెయిళ్ళు పంపాడని గేటుకే తాళం పడింది. బ్లాక్‌లిస్టు అంటే అదే."

"ఎవరా మహానుభావుడు?"

పేరు చెప్పకూడదట. ఎవరో పెద్దాయన, ఒకే ఒక్క పేజీ ఉన్న సైటు. ఏళ్ళ తరబడి రోజుకి పది మెయిళ్ళు దాటనివాడు రెండు రోజుల్లో ఆరొందలు పంపాడట, అన్నీ ఒకే మాటలతో. వాటిలో ఏముందో తమకి తెలియదని, తాము ఎన్ని వెళ్ళాయో చూస్తామే తప్ప చదవమని ఆ అమ్మాయి చెప్పింది.

పోనీ వేరే అడ్రసు నుంచి పంపుకోండి అని కూడా అంది. ఆమె ఒప్పుకోలేదు. కొత్త అడ్రసు చూస్తే చెల్లెలు ఎవరో అనుకుని చెరిపేస్తుందని భయం. పైగా జవాబంటూ వస్తే ఈ అడ్రసుకే కదా రావాలి.

గురువారం మూడుసార్లు ఫోన్ చేసింది. శుక్రవారం పొద్దున ఐదుసార్లు. ప్రతిసారీ గొంతు ఇంకాస్త పెంచింది.

మధ్యాహ్నం ఆ అమ్మాయే ఫోన్ చేసింది.

"ఆయన జవాబు రాశాడు మేడమ్. ఇంకో నలభై మిగిలాయట. అవి పంపనిస్తే తనే ఖాళీ చేసి వెళ్ళిపోతానంటున్నాడు. రాసిన తీరు చూస్తే జాలేస్తోంది. కాకపోతే తాళం తియ్యడం ఇంకో వారం ఆలస్యమవుతుంది. అందరికంటే ఎక్కువ బాధపడుతున్నది మీరు. మీరు సరేనంటే మా మేనేజర్ని ఒప్పిస్తాను."

ఆమె చేతిలో సూది ఆగింది. ఇంకో వారమంటే ఇంకో బుధవారం.

"ఆయన నలభై కోసం నా ఒక్క మెయిల్‌నీ ఆపమంటావా తల్లీ? ఆయన ఖాతా తీసేయండి."

తీసేశారు.

సోమవారానికి గేటు తెరుచుకుంది. బుధవారం ఆమె మెయిల్ వెళ్ళింది, తిరిగి రాలేదు. హమ్మయ్య అనుకుంది. ఆ రోజు రెండు పుస్తకాలు ఎక్కువే కుట్టింది.

నెల దాటాక ఒక అమ్మాయి కొట్టు ముందు నిలబడింది. "మేడమ్" అన్న ఒక్క మాటకే ఆమె అది హెల్ప్‌డెస్కు గొంతని గుర్తుపట్టి, కాస్త సిగ్గుపడి, లోపలికి రమ్మంది.

అమ్మాయి కూర్చోలేదు. మూసేసిన ఖాతాలను నెల తర్వాత పూర్తిగా చెరిపేస్తారట. చెరిపే ముందు, పంపకుండా ఆగిపోయిన మెయిళ్ళ అడ్రసులు ఒకసారి చూసుకోవాలట.

"ఆ నలభైలో మొదటిది మీ అడ్రసు మేడమ్. అందుకే రూలు తప్పి చదివాను."

చదివిన రోజే ఆయన ఖాతా మళ్ళీ తెరిచిందట. వారమైంది. ఆయన ఒక్కసారీ తొంగి చూడలేదు. రాసిచ్చిన ఫోన్ నంబరు పనిచేయడం లేదు. ఇంకే ఆనవాలూ కంపెనీ దగ్గర లేదు.

ఆ మెయిల్ అచ్చు తీసి తెచ్చిన కాగితం చేతికివ్వలేక బల్ల మీద పెట్టింది. ఆమె చేతులు గుడ్డకి తుడుచుకుని చదివింది.

"పుస్తకాలు బైండింగ్ చేసే వారందరికీ ఇదే రాస్తున్నాను, విసుక్కోకండి. ఒక చెల్లెలు తన అక్క కోసం వెతుకుతోంది. కొట్టు ఎక్కడో తెలియదు, నాన్న నేర్పిన పని అక్క మానదని మాత్రం తెలుసట. తన పాత మెయిల్ పాస్‌వర్డు మర్చిపోయి పదకొండేళ్ళు దాటిందట. ఈ నెలాఖరుకి ఇల్లు ఖాళీ చేసి చాలా దూరం వెళ్ళిపోతోంది, అందుకే నాకీ తొందర. గడప దాటితే రాకు అన్న అక్క మీరే అయితే, రమ్మని ఒక్క మాట అంటే వస్తానంటోంది."

ఆమె లెక్క వేసుకుంది. ఐదొందల పైచిలుకు బుధవారాలు. ఒక్కటీ చెల్లెలు చదవలేదు. నెలాఖరు వెళ్ళిపోయి పది రోజులైంది.

"ఆయన ఎవరు తల్లీ?" అంది.

అమ్మాయి కాగితం చివర వేలు పెట్టి చూపించింది.

"పోస్టాఫీసులో చేరని ఉత్తరాల విభాగంలో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరైనవాణ్ణి, మీ చెల్లెలి కొత్త చిరునామా నా దగ్గర భద్రంగా ఉంది, మీరు ఊఁ అని ఒక్క ముక్క ఇదే మెయిల్‌కి రాస్తే చాలు, ఎన్నాళ్ళకైనా చేరుస్తాను."