శనివారపు తడి

"మూడోసారీ కణాలు రాలిపోతే నా టాపిక్కే మార్చేస్తానన్నారు నాయనా మా గైడు," అంది మెర్లిన్, అన్నం కెలుకుతూ.

కుప్పం ల్యాబులో ఆమె పని, కాలిన గాయాలకు వేసే పల్చని ప్లాస్టిక్ పొర మీద చర్మకణాలను పెంచడం. కణాలు పొరకు అంటుకోవడం లేదు గానీ, గైడు అంటున్న మాటలు మాత్రం ఆమెకు గట్టిగానే అంటుకున్నాయి.

ఆమె తండ్రి మోజెస్ పుంగనూరులో ముప్పయ్యేళ్లుగా గోడలకు పూత పూస్తున్న మేస్త్రీ. "ప్లాస్టిక్కు నాకు తెలీదమ్మా, ప్లాస్టరింగు తెలుసు. నున్నటిదాని మీద ఏదీ నిలవదు."

"అందుకే ముందు మిషన్లో పెట్టి, పొరకు తడి పట్టేట్టు చేస్తాండా. శనివారం ఆ పని ముగించేసి, సోమవారం కణాలు వేస్తా."

"నడమ ఒక రోజు యాల?"

"నడమ ఆదివారం గదా! ప్రార్థనకు గుడికి రాకుంటే నువ్వు ఊరుకుంటావా?"

మోజెస్ ముద్ద కిందపెట్టాడు. "శనివారం తడిపిన గోడకు సోమవారం పూత పూస్తే నిలస్తాదా? ఆరిపోయుంటాది గదమ్మా!"

మిషన్లోంచి తీసిన పొరకు ఆ తడి పట్టే గుణం పోతూ వస్తుందని పుస్తకంలో మెర్లిన్ తానే గీత గీసుకుంది.

"నిన్న తడిపి రేపటికని పెట్టిన పొరలూ పోయినట్టే నాయనా."

"రేప్పొద్దున మళ్లా తడుపు. తడిపిన పూటే వెయ్యి."

"ఇంత చదివి..." అంటూ తల దించుకుంది.

"ఎత్తమ్మా తల! ఇట్లే శనివారం తడిపి, మన గుడి ఎనక గోడ పూత నేను మూడుసార్లు రాలగొట్టుకున్నా. నీకు రెండుసార్లకే తెలిసొచ్చె. చదువుకున్నదానివి గదా!"