ఉలవకట్టె తొక్కని బండ్లు

బండ్లు వాటంతటవే నడవడం మొదలయ్యాక, గింజ రాలడానికి రోడ్డు మీద పరిచిన ఉలవకట్టెను తొక్కే చక్రమే లేకుండా పోయింది. పడమట మబ్బు పట్టింది. బండ్లమ్మే అతను, కట్టె పరిచిన ఓబుళమ్మకు చూపడానికి రెండు పెద్ద కార్లు తెచ్చాడు. ఒకటి కరెంటుది, ఒకటి హైబ్రిడ్.

"ఏది తొక్కితే దాన్నే కొంటా," అందామె.

రెండూ కట్టె ముందు ఆగిపోయాయి. "ఎదుట అడ్డంకి ఉంది," అన్నాయి.

"అడ్డమేంది, నా ఏడాది పంట అది! తొక్కించు."

"మనం చెబితే వినవు పెద్దమ్మా," నవ్వాడతను.

"మాట వినని దాన్ని నాకెట్ల అమ్ముతావు?"

రోడ్డుకు ఇరువైపులా కాలువే. ఓబుళమ్మ పోయి బండ్ల వెనక అడ్డంగా కూర్చుంది. ముందు కట్టె, వెనక మనిషి. అవి ఎటూ కదల్లేదు.

"బూట్లిప్పి నువ్వే కట్టెలోకి దిగు నాయనా. చినుకు పడేలోపల తొక్కేస్తే లేస్తా."