కొసరు ఖరీదు

"ఆపండత్తయ్యా! ఆ కొసరే మన కొంప ముంచుతోంది!"

కోడలు అంత గట్టిగా అరిచేసరికి బస్సు డిపో గేటు పక్కనున్న టీ కొట్టు ముందు నిలబడ్డ డ్రైవర్లందరూ ఒక్కసారి తలలు తిప్పారు. అత్తగారి చేతిలో కెటిల్ గాలిలోనే ఆగిపోయింది. ఒక కప్పు పోసిచ్చి, అలవాటు ప్రకారం "ఇదిగో నాయనా, నీకోసం ఇంకొంచెం" అంటూ పైన కొసరు పొయ్యబోతోంది ఆవిడ.

"ఏమయిందే? కెటిల్లో బల్లి పడిందా?"

"బల్లి పడ్డా బాగుండేది. ఒక్కరోజు నష్టంతో పోయేది. ఇది చూడండి."

కోడలు బల్ల మీద కాగితం పరిచింది. వారం రోజులు కూర్చుని వేసిన లెక్క అది. పాలు, పంచదార, టీపొడి, గ్యాసు, కాగితం కప్పు, కొట్టు అద్దె, ఆఖరికి బల్ల తుడిచే గుడ్డకు పట్టే సబ్బు కూడా వదల్లేదు.

"కప్పు టీ మనకు పడేది తొమ్మిది రూపాయలు. అమ్మేది పదికి. మిగిలేది ఒకటి. మీరు పోసే కొసరు మొన్న కొలగ్లాసులో పట్టి చూశాను. ముప్ఫై మిల్లీలు! కప్పులో అయిదో వంతు! దాని ఖరీదు ఒకటిన్నర. అంటే వచ్చినవాడికల్లా టీ ఇచ్చి, మనమే ఎదురు అర్ధరూపాయి ఇచ్చి పంపిస్తున్నాం. ఇట్లాగే పోతే ఆరు నెలల్లో షట్టర్ దించేయాలి."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"కొసరు మానండి. లేదంటే ధర పన్నెండు చేద్దాం."

"పన్నెండా!" డ్రైవర్లు గొల్లుమన్నారు. "పన్నెండంటే ఎదురు కొట్టుకు పోతాం పిన్నీ!"

"కొసరు మానినా అక్కడికే!" అన్నాడు వెనకనుంచి ఒక బొంగురు గొంతువాడు.

అత్తగారి ముక్కుపుటాలు అదిరాయి. కెటిల్ ఠంగున బల్ల మీద పెట్టింది. "ముప్ఫై ఏళ్ళుగా పోస్తున్న చెయ్యి ఇది. కాగితం చూసి వణకదు. పందెం వేసుకుందాం. నీకు పది లీటర్లు, నాకు పది లీటర్లు. నువ్వు నీ కొలతతో పొయ్యి, నేను నా కొసరుతో పోస్తాను. ఎవరికి ఎక్కువ కప్పులొస్తే వాళ్ళ మాటే నెగ్గినట్టు. నేను ఓడానా, ఈ కెటిల్ నీ చేతికిచ్చి ఇంట్లో కూర్చుంటా. మళ్ళీ ఈ కొట్టు మెట్టెక్కను."

పొయ్యి దగ్గరున్న కొడుకు హడలిపోయాడు. "అమ్మా! నువ్వు ఇంట్లో కూర్చుంటే ఇంట్లోవాళ్ళు ఏమైపోవాలే?"

"నువ్వు టీ పొంగకుండా చూసుకోరా!"

కోడలు గబగబా కాగితం మడిచేసింది. ఆవిడను ఇంటికి పంపాలని కాదు గదా ఇంత లెక్క కట్టింది! కొసరు పోస్తూ పోతే పది లీటర్లకు యాభై అయిదు కప్పులు దాటవు. అది పసిపిల్లలు కూడా చెప్పే లెక్క.

"పందేలెందుకు అత్తయ్యా..."

"భయమా?"

ఆ ఒక్క మాటతో కోడలికి రోషం ముంచుకొచ్చింది. కొంగు బిగించింది.

కొడుకు ఒకే గిన్నెలో కాచిన టీని రెండు క్యానుల్లో సమంగా పోశాడు. చెరో వంద కప్పులు లెక్కపెట్టి ఇచ్చాడు. డిపోలోంచి కండక్టర్లు, మెకానిక్కులు, డ్యూటీ దిగినవాళ్ళు, ఎక్కాల్సినవాళ్ళు, అందరూ వచ్చి మూగారు. బొంగురు గొంతువాడు ఈల వేశాడు.

కోడలు కొలగ్లాసుతో నూటయాభై మిల్లీలు పట్టి పోస్తోంది. చుక్క ఎక్కువ లేదు, చుక్క తక్కువ లేదు. కప్పు అందుకున్న ప్రతివాడూ అక్కడే నిలబడుతున్నాడు.

"కొసరేదమ్మా?"

"లేదు. జరగండి."

"ఇదేం టీ అమ్మా, మందు పోసినట్టు!"

పక్కన అత్తగారి చెయ్యి చెయ్యిలా లేదు, యంత్రంలా తిరుగుతోంది. జేగురు రంగు ధార సర్రున దిగుతోంది, ఆగుతోంది, "నీకోసం ఇంకొంచెం" అనగానే మళ్ళీ సర్రున దిగుతోంది. తీసుకున్నవాడు మొహం చాటంత చేసుకుని పోతున్నాడు. ఆ రెండో ధార దిగినప్పుడల్లా కోడలి ప్రాణం గిలగిల్లాడుతోంది. అయ్యో, మళ్ళీ పోసింది! ఇంకో ముప్ఫై పోయింది! ఒక పక్క గెలుస్తున్నానని ఉత్సాహం, ఇంకో పక్క ఈవిడ లేని కొట్టు ఎట్లా ఉంటుందోనని దిగులు.

ముందు కోడలి క్యాను వట్టిపోయింది. కొడుకు మిగిలిన కప్పులు లెక్కపెట్టాడు. "ముప్ఫై నాలుగు మిగిలాయి. అంటే అమ్మింది అరవై ఆరు!"

అత్తగారు ఇంకా పోస్తూనే ఉంది. జనం గొంతు కలిపారు. "అరవై ఏడు! అరవై ఎనిమిది! అరవై తొమ్మిది!" కోడలి నోరు తెరుచుకుపోయింది. డెబ్భై దగ్గర ఎవడో టోపీ పైకి ఎగరేశాడు. డెబ్భై నాలుగో కప్పుకు కూడా కొసరు పోసి, అత్తగారు క్యాను బోర్లించి చూపించింది.

"పిన్నికి జై! పదికే టీ!" అంటూ డిపో అంతా దద్దరిల్లిపోయింది.

కోడలు రెండు క్యానులూ తిప్పి తిప్పి చూసింది. తన కాగితం తీసి చూసింది. అత్తగారి మొహం చూసింది. ఆవిడ ఇంటికి పోనక్కర్లేదన్న సంతోషం ఒకటి, తల తిరిగిపోతున్న లెక్క ఒకటి.

"నీళ్ళు కలిపారా అత్తయ్యా?"

"నీ మొగుడు కాచిన టీయే కదే ఇద్దరిదీ."

"మరి అంత కొసరు పోసి నాకంటే ఎనిమిది కప్పులు ఎక్కువెట్లా అమ్మారు?"

అత్తగారు అటూ ఇటూ చూసి, కోడల్ని చెయ్యి పట్టుకుని తెర చాటుకు లాగి, చెవిలో గుసగుసలాడింది.

"పిచ్చిమొహమా, తర్వాత కొసరు పొయ్యాలని తెలిసిన దాన్ని, ముందు నిండా పోస్తానటే?"