ఐదంగుళాల బ్లేడు

బ్లేడు విరిగి ఇరవై రెండు రోజులైంది. పని ఆ రోజు ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. నాలుగు మెట్లకు టైల్స్ పడ్డాయి, మిగతా ఏడు మెట్లూ ఉత్త సిమెంటు. మెట్లు వేయిస్తున్న ఇంటివాళ్లు వేరే మేస్త్రిని మాట్లాడుకున్నారని తెలిసినా మేస్త్రి అటు తొంగి చూడలేదు.

పొద్దున్నే చెల్లెలు వచ్చి కూర్చుంది. ఒళ్లో గుడ్డ సంచి. సంచిలో పాత తువ్వాలు, తువ్వాల్లో ఆ విరిగిన బ్లేడు.

"పద అన్నయ్యా. టైల్ కట్టర్ సామాన్లు అమ్మే షాపులన్నీ ఒకే వీధిలో ఉన్నాయట. ఒక్కోటీ అడుగుదాం."

"ఎందుకమ్మా, ఈ ఎండలో..."

"నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతా."

ఆమె పట్టిన కుందేలుకు చిన్నప్పటి నుంచీ మూడే కాళ్లు. మేస్త్రి చొక్కా తొడుక్కుని స్కూటర్ తీశాడు. పనిలో అయితే ఆయన మాటకు ఎదురు లేదు. ముప్పై ఏళ్ల అనుభవం. వేలితో తట్టి, టైలు ఎక్కడ పగులుతుందో చెప్పేస్తాడు. ఎవరైనా సలహా ఇవ్వబోతే ముక్కు మీదే ఉంటుంది కోపం.

మొదటి షాపు ముందు ఆగారు.

"నువ్విక్కడే ఉండు. ఈ కొలతల గొడవ నీకు తెలీదు. నేను కనుక్కొస్తా" అని తువ్వాలు అందుకున్నాడు.

షాపులో ముసలాయన బ్లేడును అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచు పావు వంతు లేదు.

"ఏ మెషిన్‌కి?"

"నాలుగంగుళాల కట్టర్‌కి."

"ఇది ఐదంగుళాలదయ్యా. పైనున్న గార్డు రేకు పీకేస్తే గానీ పట్టదు."

"పీకేసి బిగించేవాళ్లు లేరా?"

"ఎందుకు లేరు? పాముతో చెలగాటం ఆడేవాళ్లూ ఉన్నారు. నేను మాత్రం ఇవ్వను. నాలుగంగుళాలదైతే చెప్పు, ఇప్పుడే తీసిస్తా."

"ఇలాంటిది ఎప్పుడైనా అమ్మారా?"

"ఈ షాపులో అడుగే పెట్టలేదు ఆ రకం."

మేస్త్రి బయటికొచ్చి తువ్వాలు చెల్లెలికిచ్చాడు. "ఇక్కడ కాదు" అన్నాడు. ఆమె దాన్ని మళ్లీ సంచిలో పెట్టుకుంది.

రెండో షాపువాడు వాగుడుకాయ. పాలరాతికి ఒకటి, గాజు టైలుకు ఒకటి, నీళ్లు పోస్తూ కోసేది ఒకటి, పొడిగా కోసేది ఒకటి... బల్ల మీద పళ్లేల్లా పరిచేశాడు. మేస్త్రి అడిగింది మాత్రం అందులో లేదు.

"అంత పెద్దది మేం పెట్టం గురూ. అయినా చిన్న మెషిన్‌కి అదేంటి? చంటిపిల్లకి వాళ్ల నాన్న చెప్పులు తొడిగినట్టు!" అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

మేస్త్రి నవ్వలేదు. "ఇక్కడా కాదమ్మా" అంటూ బయటికొచ్చాడు.

మూడు, నాలుగు, ఐదు. ఎండ నెత్తికెక్కింది. చెల్లెలు ఒక షాపు మెట్టు మీద కూలబడింది. పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు.

"ఇంకా ఎన్నున్నాయి?"

"చివర్లో ఒకటుంది. చిన్నది. అందులో ఏముంటుందిలే, ఇంటికి పోదాం."

ఆమె లేచి, కొంగుతో ముఖం తుడుచుకుని నడిచింది.

ఆ షాపు ఇరుకుగా ఉంది. చెల్లెల్ని బయటే ఉండమని మేస్త్రి ఒక్కడే లోపలికెళ్లాడు. కళ్లజోడు నుదుటి మీదకి తోసుకున్న ఒకాయన తువ్వాలు విప్పి, ఒక్క చూపు చూసి, ఏమీ అడక్కుండా నిచ్చెన ఎక్కాడు. పై అరలోంచి ఒక బ్లేడు దించి విరిగినదాని పక్కన పెట్టాడు. అదే రంగు, అవే అక్షరాలు.

మేస్త్రి గుమ్మం వైపు చూశాడు.

"పెద్ద మెషిన్‌కే కదా?" అన్నాడాయన.

"ఆఁ."

"ఏమీ అనుకోకండి, అడగడం నయం. పోయిన నెల ఒకాయన ఇదే పట్టుకెళ్లాడు, చిన్న మెషిన్‌కి. మంచి మనిషి, నవ్వుతూ మాట్లాడాడు. వద్దు బాబూ, ముక్క ఎగిరొస్తుంది అని చెప్పాను. 'నాకూ భయంగానే ఉంది సార్' అని, ఇదిగో ఇక్కడే నిలబడి వాళ్ల మేస్త్రికి ఫోన్ చేశాడు."

మేస్త్రి బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఆ అరుపులు ఇక్కడిదాకా వినిపించాయనుకోండి. 'టైలు మందంగా ఉంది, ఒక్క కోతకి తెగాలి. చెప్పింది తే, నాకు పాఠాలు చెప్పకు' అని. పాపం, ఆయన ముఖం చిన్నబుచ్చుకుని, 'ఇచ్చేయండి సార్, మా వాళ్లే, కాదనలేను' అన్నాడు. నేను ఇవ్వకుండా ఉండాల్సింది. ఇప్పటికీ మనసు పీకుతూనే ఉంది." ఆయన కళ్లజోడు కిందకి దించుకుని మేస్త్రి వైపు చూశాడు. "ఆయన మీకు తెలుసా ఏంటి?"

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. విరిగిన బ్లేడును తువ్వాల్లో చుట్టాడు. ముడి రెండుసార్లు జారిపోయింది.

"కొత్తది తీసుకోరా?"

"వద్దు."

గబగబా వెనక్కి తిరిగాడు. అప్పటికే చెల్లెలు గుమ్మం దాకా వచ్చేసింది.

తువ్వాలు కోసం చెయ్యి చాస్తూ, "మా ఆయన ప్రాణం తీసిన బ్లేడు అమ్మింది వీడేనా అన్నయ్యా?" అని ఆమె అడిగితే, "ఇక్కడ కూడా కాదమ్మా" అన్నాడు, ఆ రోజు ఫోన్లో బావ మీద అరిచిన మేస్త్రి.