బందెలదొడ్డి

కోటిలింగం గేదె పూర్ణచంద్రరావు నారుమడిలో పడి సగం మేసేసింది.

మామూలుగా అయితే టీ తాగి తేల్చుకునే గొడవే. కానీ ఆదివారం కోటిలింగం కూతురు సుమతికీ, పూర్ణచంద్రరావు కొడుక్కీ తాంబూలాలు. ఊరుకుంటే అలుసైపోతానని మగపెళ్లివారి పెద్ద, తగ్గితే పరువు పోతుందని ఆడపెళ్లివారి పెద్ద. ఇద్దరూ గేదెతో సహా గ్రామ సచివాలయానికి వచ్చిపడ్డారు.

మహిళా పోలీసు రేవతికి ఉద్యోగంలో ఇదే మొదటి తగాదా.

"కేసు కోడూరు స్టేషన్‌కి పంపించండమ్మా," అన్నాడు పూర్ణచంద్రరావు.

"పంపించండి. నా గేదెని కర్రతో బాదారని నేనూ రాయిస్తా," అన్నాడు కోటిలింగం.

నిన్నటిదాకా బావగారూ బావగారూ అని పిలుచుకున్నవాళ్లు ఇవాళ పేర్లకి 'గారు' తగిలించి మరీ తిట్టుకుంటున్నారు. స్టేషన్ గడప తొక్కితే ఇక తాంబూలాలు లేనట్టే. ఎలాగైనా ఆపమని సుమతి ఫోన్‌లో ఏడ్చింది కూడా. రేవతికి ఏం చెయ్యాలో పాలుపోలేదు.

ఇంతలో మోపిదేవి బస్సు కోసం గేటు దగ్గర కూర్చున్న ముసలామె లేచి వచ్చి గేదె పలుపు అందుకుంది. ఆమెను రేవతి ఊళ్లో ఎప్పుడూ చూడలేదు.

"మామ్మగారూ, ఇది పోలీసు వ్యవహారం. మీకెందుకండీ?" అంది విసుగ్గా.

"చేలో పడ్డ గొడ్డుని ముందు బందెలదొడ్లో కట్టెయ్యాలమ్మా. మాటలు తర్వాత."

"బందెలదొడ్లు ఎప్పుడో ఎత్తేశారు కదా. ఇప్పుడెక్కడుంది?"

"ఇదేగా."

గేదెను తీసుకెళ్లి సచివాలయం వరండా స్తంభానికి కట్టేసింది. గేదె నింపాదిగా కొత్త టైల్స్ మీద పేడ వేసింది.

"నిజమే బావగారూ, దొడ్డి పడగొట్టేగా ఈ బిల్డింగు కట్టింది," అనేసి కోటిలింగం నాలుక కరుచుకున్నాడు.

పూర్ణచంద్రరావు మీసాల్లో నవ్వు దాగలేదు.

"ఇహ విప్పండి మామ్మగారూ," అంది రేవతి.

"నేను విప్పకూడదు. గొడ్డుగలాయనా, చేనుగలాయనా కలిసి విప్పాలి. అదీ ఇక్కడి పద్ధతి."

ఇద్దరూ ముడి మీదకి వంగారు. అది ఓ పట్టాన ఊడలేదు.

"మా మడిలో నారు ఎక్కువే ఉంది. మీ చేనుక్కూడా సరిపోతుంది బావగారూ," అన్నాడు కోటిలింగం మెల్లగా.

"మన గేదే కదా మేసింది, పోనిద్దురూ," అన్నాడు పూర్ణచంద్రరావు.

రేవతికి ప్రాణం లేచొచ్చింది. సుమతికి ఫోన్ చేసి చెప్పి తిరిగి చూసేసరికి ముసలామె బస్సెక్కేసింది. గేటు దాకా పరుగెత్తింది కానీ బస్సు మలుపు తిరిగిపోయింది. కసురుకున్నందుకు రేవతి మనసు చివుక్కుమంది.

"ఎవరండీ ఆవిడ?"

పూర్ణచంద్రరావు బస్సు వెళ్లినవైపే చూస్తున్నాడు.

"ఆ ముడి చూశాక గుర్తొచ్చిందమ్మా. రాఘవమ్మ. తలారి అయ్యప్ప భార్య. పెడనలో కూతురి దగ్గరికి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది."

"తలారి అంటే?"

"ఆ రోజుల్లో ఊరికి పోలీసు. బందెలదొడ్డి చూసుకునేదీ తలారే. మా నాన్న మునసబు, ఆయన కింద తలారి అయ్యప్ప. పాపం, పక్షవాతమొచ్చి మంచాన పడ్డాడు. ఆడవాళ్లకి ఆ ఉద్యోగం ఇచ్చేవాళ్లు కాదు."

"మరి ఊరికి కాపలా?"

పూర్ణచంద్రరావు నవ్వాడు.

"తాసీల్దారు తనిఖీకి వచ్చినప్పుడల్లా, తలపాగా చుట్టుకుని కర్ర పట్టుకు నిలబడ్డ రాఘవమ్మని మా నాన్న 'ఒరే అయ్యప్పా' అని పిలిచేవారమ్మా."