ఏసుబాబు గారి నంబరు

ఫోను ఎత్తగానే అవతలి మనిషి అడిగిన మొదటి మాట ఉద్యోగం గురించి కాదు.

"మీది కొల్లేటి పక్క ఊరన్నారు కదండీ. ఇప్పుడెక్కడున్నారు?"

"చేపల చెరువు గట్టు మీదండి," అన్నాడు జయంత్.

"కొల్లేట్లో నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయండీ?"

జయంత్‌కి విసుగొచ్చింది. అతను ఫోను చేసింది నీళ్ళ సంగతి చెప్పడానికి కాదు.

చేపల చెరువుల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లకు ఫ్రేములు వెల్డింగ్ చేసి బతుకుతున్నాడు జయంత్. గల్ఫ్‌లో, సముద్రం మధ్య చమురు తీసే ప్లాట్‌ఫారం మీద వెల్డరు ఉద్యోగం ఉందని ఏలూరులోని ఏజెంటు కబురు పెట్టాడు. జీతం ఇక్కడికి నాలుగింతలు.

భార్య కుసుమకి ఏడో నెల. ఆ కంపెనీ సంగతి తెలిసినవాళ్ళను అడగందే కదలనివ్వనని పట్టుబట్టింది. గల్ఫ్‌లోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరో ఈ నంబరు పంపారు. పేరు ఏసుబాబు. జయంత్‌ది ఏ ఊరో ఆయనకి ముందే చెప్పి ఉంచారు. అదే కంపెనీలో పదకొండేళ్ల అనుభవమట. వాట్సాప్ నంబరు కూడా అక్కడిదే.

నీళ్ళు గట్టు దిగువ దాకా ఉన్నాయని, గుర్రపుడెక్క బాగా పేరుకుందని జయంత్ ముక్తసరిగా చెప్పాడు. అవతలి గొంతు తృప్తిగా నిట్టూర్చి, అప్పుడు అసలు విషయానికొచ్చింది.

"కుళ్ళిన గుడ్ల వాసన వస్తే అది విషవాయువండి. ఆ వాసన ఉన్నట్టుండి ఆగిపోతే గాలి బాగుపడిందనుకోకండి. మీ ముక్కు పనిచెయ్యడం మానేసిందన్నమాట. ఇంక ఆలోచించకూడదు, పరిగెత్తాలి."

అలా పది పదిహేను సాయంత్రాలు మాట్లాడుకున్నారు. ఎంతమందికి ఎన్ని మాస్కులుంటాయో, వెల్డింగ్ చేసేచోటి నుంచి మెట్లు ఎంత దూరమో, పక్కన నీళ్ళగొట్టం పట్టుకుని కాపలా ఉండే మనిషి ఉంటాడో లేడో, ఇవన్నీ ముందే కనుక్కోమని ఏసుబాబు చెప్పేవాడు. వెళ్ళమని గాని, వద్దని గాని ఒక్కసారీ అనలేదు.

కాని ప్రతిసారీ ముందు కొల్లేరు సంగతి చెప్పాల్సిందే. గూడకొంగలు దిగాయా, కిక్కిస గడ్డి పూసిందా, పొద్దు ఎలా వాలింది, నీళ్ళ రంగు ఎలా మారింది.

"పాపం, ఇంటి మీద బెంగ పెట్టుకున్నట్టున్నారు," అంది కుసుమ.

ప్లాట్‌ఫారం ఎలా ఉంటుందో ఒక ఫొటో తీసి పంపమని జయంత్ అడిగాడు. తన వల్ల కాదన్నాడు ఏసుబాబు. వీడియో కాల్ చేస్తే ఎత్తలేదు. ఆపాటి సాయం చేయలేడా అని జయంత్ మనసు చివుక్కుమంది.

ఆఖరికి ఒకరోజు ఏసుబాబు ఇలా అన్నాడు. "'ఈ పని ఇప్పుడు చెయ్యను, ప్రమాదం' అని చెప్తే అక్కడ వినే మనిషెవరో మీ ఏజెంటును అడగండి. పేరు చెప్పలేకపోతే మాత్రం మీరే ఆలోచించుకోండి."

జయంత్ అడిగాడు. ఇన్ని అనుమానాలున్నవాళ్ళు ఇంట్లో కూర్చుని చేపలు చూసుకోవచ్చని, ఏజెంటు ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం జయంత్ కోపం ఆపుకోలేకపోయాడు.

"అంత ప్రమాదమైతే మీరెందుకున్నారండీ అక్కడ? మీరు సంపాదించుకుంటూ మమ్మల్ని భయపెడుతున్నారు."

"నా సంగతి వేరండి. మీకు బిడ్డ పుట్టబోతోంది," అన్నాడు ఏసుబాబు.

జయంత్ ఫోను పెట్టేశాడు. తర్వాత రెండుసార్లు ఆ నంబరు నుంచి పిలుపొచ్చినా ఎత్తలేదు.

పాపకు మూడో నెల వచ్చాక ఇంకో కంపెనీ తగిలింది. గల్ఫ్‌లోనే, ఒడ్డున ఉన్న రిఫైనరీ. జీతం తక్కువే. ఎవరికి చెప్పాలో, ఎటు పరిగెత్తాలో అడక్కముందే నేర్పారు. కుసుమ సరేనంది.

వెళ్ళిన రెండో నెలలో, ఒక పొద్దున్న, పైపు బిగిస్తుండగా కుళ్ళిన గుడ్ల వాసన గుప్పుమంది. తల ఎత్తేలోపు ఆగిపోయింది. వాసన పోయింది కదా, పని కానిద్దామన్నాడు పక్కనున్న కేరళ కుర్రాడు.

జయంత్ అతని చొక్కా పట్టుకుని లాక్కుంటూ, గాలి వచ్చే వైపుకు పరిగెత్తాడు. వాళ్ళు గేటు చేరాక గాని సైరన్ మోగలేదు.

ఆ సాయంత్రం క్యాంపులో మంచం మీద కూర్చుని ఏసుబాబుకి ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే.

ఎడారి మీద పొద్దు వాలుతుంటే కొల్లేరు గుర్తొచ్చేది. కుసుమకి ఫోను చేసి, నీళ్ళు ఎంతవరకూ ఉన్నాయని అడిగేవాడు. అడిగాక తనకే సిగ్గేసేది. ఆ పెద్దాయనకి ఎంత విసుగ్గా జవాబులు చెప్పాడో.

సెలవు మీద వచ్చిన మూడో రోజే, గ్రూపులో అడిగి, కంపెనీ పాత కాగితాల్లో ఉన్న ఏసుబాబు అక్క ఇంటి చిరునామా సంపాదించాడు. ఖర్జూరం డబ్బా పట్టుకుని తాడేపల్లిగూడెం వెళ్ళాడు.

తలుపు తీసిన ఏసుబాబు అక్క సువర్ణ, బడిపంతులమ్మగా రిటైరైన మనిషి, కుర్చీ చూపించింది.

"ఏసుబాబు గారు ఫోను ఎత్తడం లేదండి. కొత్త నంబరేమైనా ఉందేమోనని వచ్చాను. నా పేరు జయంత్."

ఆమె అతన్ని తేరిపార చూసింది.

"తమ్ముడు పోయి ఏడాది దాటిందండి. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయి."

జయంత్ ఖర్జూరం డబ్బా కింద పెట్టాడు.

"మీ గురించి తరచూ చెప్పేవాడు. మా పుట్టిల్లు కొల్లేటి లంకలోనే. మీతో మాట్లాడి ఫోను పెట్టేశాక, 'కొల్లేరు చూసొచ్చానక్కా' అనేవాడు."

"చూశారా?" జయంత్‌కి అర్థం కాలేదు. "ఆయన అక్కణ్ణుంచి వచ్చిందెప్పుడండీ?"

సువర్ణ పక్కగది తలుపు వైపు చూసి, మెల్లగా చెప్పింది.

"వాట్సాప్‌కి అక్కడి నంబరే ఉంచుకున్నాడు గాని, ప్లాట్‌ఫారం మీద మంటల్లో రెండు కళ్ళూ పోగొట్టుకుని, నా దగ్గరికి వచ్చేసి ఆరేళ్లయిందండి."